గుండుసూదులు, పురిటి లెక్కలు

1775 జూన్ నెల మధ్యలో అబిగెయిల్ ఆడమ్స్ అనే ఇల్లాలు ఫిలడెల్ఫియాలో ఉన్న భర్తకు ఉత్తరం రాస్తూ, మనిషిని బజారుకు పంపి ఓ గుండుసూదుల కట్ట కొనిపించి పెట్టెలో వేసుకుని రమ్మంది. మసాచుసెట్స్‌లో అవి కరువైపోయాయి. ఏడున్నర షిల్లింగులకు వచ్చేవి ఇరవైకి ఎగబాకాయి. ఆ ధర పెడతామన్నా దొరకడం లేదు. కట్టకు ఆరు వేలుంటాయి, ఇదివరకు డాలరుకు కొనేదాన్ని, ఇప్పుడు దానికి ఎన్నో రెట్లయినా సరే తీసుకోండి అని లెక్క కూడా చెప్పింది. ఆ కాలపు ఆడవాళ్ళు ఒంటిమీద బట్టల్ని చాలావరకు గుండుసూదులతోనే గుచ్చి నిలుపుకునేవారు. ఆ సూదులు ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగాలి. అప్పటికి రెండు నెలలుగా ఇంగ్లండుతోనే యుద్ధం నడుస్తోంది.

ఉత్తరం అందుకున్న జాన్ ఆడమ్స్ ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ సభలో కూర్చుని కొత్త దేశాన్ని కట్టే పనిలో ఉన్నాడు. తర్వాతి కాలంలో అమెరికాకు రెండో అధ్యక్షుడయ్యాడు. ఆయన ప్రసంగాల గురించి బళ్ళో చదువుకున్నవాళ్ళు కోట్లమంది ఉంటారు. నేను మాత్రం ఈ సూదుల ఉత్తరం చదివాకే ఆ కాలంలోకి అడుగుపెట్టినట్టయింది. అందుకే అక్టోబరులో బోస్టన్ దగ్గర ఉంటున్న మా చెల్లెలి కూతురి ఇంటికి వెళ్ళినప్పుడు, ముందు ఆ ఉత్తరాలు పుట్టిన ఇల్లు చూపించమన్నాను.

అమ్మాయి ఒక ఆసుపత్రిలో పురుళ్ళ వార్డులో నర్సు. రాత్రి డ్యూటీలే ఎక్కువ. సెలవు దొరికిన పూట రెడ్‌లైన్ రైలెక్కించి నన్ను క్విన్సీ తీసుకెళ్ళింది. అప్పట్లో అది బ్రెయిన్‌ట్రీ ఊళ్ళో భాగం, 1792లో విడిపోయి క్విన్సీ అయింది. రైలు దిగిన చోటికి కాస్త దూరంలో, ఇప్పటి బజారు రోడ్డు పక్కన, రెండు చెక్క ఇళ్ళు దగ్గర దగ్గరగా నిలబడి ఉన్నాయి. ముందు రెండంతస్తులు, వెనక కప్పు బాగా కిందికి దిగి ఒక్క అంతస్తు ఎత్తుకు వచ్చేస్తుంది. ఒక దాంట్లో జాన్ పుట్టాడు. రెండో దాంట్లో జాన్, అబిగెయిల్ కాపురం పెట్టారు, వాళ్ళ కొడుకు జాన్ క్విన్సీ పుట్టాడు. తండ్రీ కొడుకులిద్దరూ అధ్యక్షులే. లోపలికి వెళితే గదులు ఇరుకు, సీలింగు తలకు తగిలేంత కిందికి ఉంది. వంటగదిలో గోడ సగం పొయ్యే ఆక్రమించింది.

1764లో పెళ్ళయింది. వకీలు పని మీద కోర్టుల చుట్టూ తిరగడం, తర్వాత కాంగ్రెస్, ఆ తర్వాత ఫ్రాన్స్, హాలండ్‌లలో రాయబారాలు. ఏళ్ళకేళ్ళు భర్త ఇంట్లో లేడు. కాబట్టే పదకొండు వందలకు పైగా ఉత్తరాలు మిగిలాయి. పొలం కౌలు, కూలీల జీతాలు, పన్నులు, నలుగురు పిల్లల చదువు అన్నీ ఆమె మీదే పడ్డాయి. బడికి వెళ్ళి చదువుకున్న మనిషి కాదు. తండ్రి పాదిరీ, ఆయన పుస్తకాల బీరువా దగ్గర చదువు నేర్చుకుంది. స్పెల్లింగు చెవికి తోచినట్టు ఉంటుంది, వాక్యం ఎక్కడ ఆగిందో ఒక్కోసారి తెలియదు. కానీ ఆ వాక్యాల్లో ఉన్న వేగం, సూటిదనం జాన్ రాతలో నాకు అంతగా కనిపించవు.

గుండుసూదులడిగిన ఆ రోజుల్లోనే, జూన్ 17న, బంకర్ హిల్ యుద్ధం జరిగింది. అబిగెయిల్ ఏడేళ్ళ జాన్ క్విన్సీ చెయ్యి పట్టుకుని ఇంటికి దగ్గర్లోని పెన్స్ హిల్ అనే గుట్ట ఎక్కి, ఛార్ల్స్‌టౌన్ తగలబడుతుంటే చూసింది. మేమూ ఆ గుట్ట ఎక్కాం. ఇప్పుడక్కడ రాళ్ళు పేర్చి కట్టిన గుర్తు ఉంది, చుట్టూ ఇళ్ళు లేచాయి. ఆ యుద్ధంలో వాళ్ళ కుటుంబ స్నేహితుడు, డాక్టరు జోసెఫ్ వారెన్ చనిపోయాడు. ఆ కబురు మర్నాడు భర్తకు రాసింది కూడా ఆమే. అదే ఏడాది శీతాకాలం రాకముందే ఊళ్ళోకి రక్తవిరేచనాల జబ్బు దిగింది. ఆగస్టులో మరిది పోయాడు. ఇంట్లో పిల్లాడు, పనిమనుషులు, తనూ మంచం పట్టారు. అక్టోబరు 1న తల్లి పోయింది. జాన్ దగ్గర్నుంచి జవాబు రావడానికి వారాలు పట్టేది. పైగా ఆ వేసవిలో ఆయన ఉత్తరాలు బ్రిటిష్ వాళ్ళ చేతికి చిక్కి బోస్టన్ పత్రికలో అచ్చయ్యాయి. ఆ తర్వాత మనసులో మాట రాయాలంటే, తెచ్చే మనిషి ఎవరో, దారిలో ఎవరు విప్పుతారో అని ఇద్దరూ ఆలోచించాల్సి వచ్చింది.

1776 మార్చి 31 నాటి ఉత్తరం లోకప్రసిద్ధం. కొత్త చట్టాలు రాసుకునేటప్పుడు ఆడవాళ్ళను గుర్తుంచుకోండి, భర్తల చేతికి హద్దులేని అధికారం ఇవ్వకండి అని ఆమె రాసింది ఆ ఉత్తరంలోనే. ఆ ముక్క ఇప్పుడు కప్పుల మీద, సంచుల మీద కనిపిస్తుంది. మొత్తం ఉత్తరం చదివితే ఇంకా గొప్పగా ఉంటుంది. బోస్టన్ నుంచి బ్రిటిష్ సైన్యం వెళ్ళిపోయాక అక్కడున్న తమ ఇల్లు ఎలా ఉందో చూసిరమ్మని మనిషిని పంపిందట. సైన్యంలోని డాక్టరెవరో అందులో ఉండి వెళ్ళాడు, మురికి తప్ప వేరే నష్టం లేదని రాసింది. సాటి మనుషుల స్వేచ్ఛ లాక్కోవడానికి అలవాటుపడ్డ వర్జీనియా వాళ్ళకు స్వేచ్ఛ మీద నిజంగా అంత ప్రేమ ఉంటుందా అని బానిసత్వాన్ని ఉద్దేశించి నిలదీసింది. ఇల్లు ఊడ్చే సంగతి, దేశం సంగతి ఒకే కాగితం మీద, ఒకే గొంతుతో. ఆడవాళ్ళ ముక్కకు జాన్ నవ్వొచ్చిందని జవాబిచ్చాడు. ఆ జవాబు చదివినప్పుడల్లా నాకు ఆయన మీద కోపం వస్తుంది.

బానిసత్వం ఆమె పుట్టింట్లోనే ఉంది. పాదిరీ తండ్రి దగ్గర ఫీబీ అనే బానిస ఉండేది. 1783లో ఆయన చనిపోతూ విడుదల చేశాడు. మరుసటి ఏడు అబిగెయిల్ భర్త దగ్గరికి ఐరోపా వెళుతూ ఇల్లు ఫీబీకీ ఆమె భర్తకూ అప్పగించింది. ఫీబీ మనకు కనిపించేది అబిగెయిల్ ఉత్తరాల్లోనే. ఇల్లు చూపించిన గైడు ఆమె పేరు ఎత్తకపోతే నేనే అడిగాను, అడిగాక చాలాసేపు చెప్పాడు.

మా అమ్మాయిని కదిలించింది 1777 జులై ఉత్తరాలు. అబిగెయిల్‌కు నెలలు నిండాయి, భర్త ఫిలడెల్ఫియాలో. 9వ తేదీన రాస్తూ, క్రితం రాత్రి ఒళ్ళంతా వణుకు పట్టిందనీ, కడుపులో బిడ్డ పోయిందేమోనని భయంగా ఉందనీ చెప్పింది. 10వ తేదీ రాత్రి నొప్పులు వస్తూ పోతూ ఉండగా మధ్యలో కలం పట్టుకుంది. ఆడపిల్ల, చనిపోయి పుట్టింది. 16న మళ్ళీ తనే రాసింది. ఈ ఉత్తరాలు జాన్‌కు 28న చేరాయి. బోస్టన్‌లో బాయిల్‌స్టన్ వీధిలో మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ ఉంది, 1791 నాటిది. ఆడమ్స్ కుటుంబం 1956లో తమ కాగితాలన్నీ ఆ సంస్థకు రాసిచ్చేసింది. ఆ కాగితాల ఫొటోల్లో 10వ తేదీ ఉత్తరం తెరిచి ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదివాం. అమ్మాయి వేలు తెరమీద ఒక చోట ఆగింది. "పెద్దమ్మా, ఆ వణుకు మాట వినగానే మేమైతే పరుగెత్తుకెళ్ళి బిడ్డ గుండె చప్పుడు చూస్తాం. ఈవిడకి చూడ్డానికి ఏమీ లేదు. తనకి తెలిసిపోయింది, అయినా కూర్చుని రాస్తోంది" అంది. కాసేపటికి, "నొప్పుల మధ్య వ్యవధి ఎంతో ఈ గీతల్ని బట్టి చెప్పొచ్చేమో" అని ఇంకా దగ్గరికి వంగి చూసింది.

ఈ ఉత్తరాలు ఎలా మిగిలాయో చెప్పుకోవాలి. కాల్చేయమని ఆమె అడిగిన సందర్భాలున్నాయి. ఆయన వినలేదు. 1776లో పెద్ద పుస్తకం కొని, తను రాసినవాటికి నకళ్ళు తీసుకోవడం మొదలుపెట్టి, నువ్వూ అలాగే చెయ్యి, అన్నీ జాగ్రత్త పెట్టు అని చెప్పాడు. కొడుకు జాన్ క్విన్సీ పన్నెండో ఏట డైరీ మొదలుపెట్టి 1848లో చనిపోయేదాకా రాశాడు, 51 సంపుటాలు. పుస్తకాలకూ కాగితాలకూ నిప్పంటని గది కావాలని ఆయన కోరితే, 1870లో క్విన్సీలోనే ఆ కుటుంబం తర్వాత ఉన్న ఇంటి తోటలో రాతి గ్రంథాలయం కట్టారు. మనవడు చార్ల్స్ ఫ్రాన్సిస్ 1840లో నాయనమ్మ ఉత్తరాలు అచ్చువేశాడు. తరతరాలుగా ఆ ఇంటివాళ్ళకు తాము చరిత్ర అని తెలుసు. రాతిగోడల మధ్య నిలబడి పైకప్పు దాకా ఉన్న పుస్తకాలు చూస్తుంటే నాకు గౌరవంతో పాటు ఒక బెంగ కూడా కలిగింది. రాతిగది కట్టుకోలేని ఇళ్ళ సంగతి ఏమిటి?

ఆ ప్రశ్నకు జవాబు ఉత్తరాన ఉంది. అమ్మాయి కారు తీసింది, మెయిన్ రాష్ట్రంలో హాలొవెల్ అనే ఊరికి బయల్దేరాం. దాదాపు మూడు గంటల దారి. రోడ్డుకు రెండు పక్కలా మేపుల్ చెట్లు ఎర్రబడి ఉన్నాయి. దారిలో ఆమెకు ఏనుగుల వీరాస్వామయ్య గురించి చెప్పాను. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారిపొడుగునా చూసింది చూసినట్టు స్నేహితుడికి రాసి పంపితే, 1838లో అది కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. ఏ ఊళ్ళో బియ్యం ధర ఎంత, ఏ సత్రంలో నీళ్ళు ఎలా ఉన్నాయి, అన్నీ ఉంటాయి. "ఆయనతో వెళ్ళిన ఆడవాళ్ళు రాసిందేమైనా ఉందా?" అని అడిగింది అమ్మాయి. మాట్లాడకుండా కూర్చున్నాను.

హాలొవెల్ కెనెబెక్ నది పడమటి ఒడ్డున ఉంది. నది పక్కనే వాటర్ స్ట్రీట్, ఎర్ర ఇటుకల పాత దుకాణాలు. సముద్రం చాలా దూరం, అయినా పోటుపాట్లు ఇక్కడిదాకా తెలుస్తాయి. మధ్యాహ్నం చూసినప్పుడు రాళ్ళు బయటపడి ఉన్నాయి, సాయంత్రానికి మునిగాయి. 1777లో ఈ ఊరికి మార్తా బల్లార్డ్ వచ్చింది. అప్పటికామెకు నలభై దాటాయి. భర్త ఎఫ్రయిమ్ మిల్లు నడిపేవాడు, భూములు కొలిచేవాడు. ఇద్దరూ మసాచుసెట్స్‌లోని ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చారు. 1769 వేసవిలో ఆ ఊళ్ళో గొంతువాపు జబ్బు, డిఫ్తీరియా, మూడు వారాల లోపు వాళ్ళ కూతుళ్ళు ముగ్గుర్ని తీసుకుపోయింది. ఆ నెల తిరిగాక మార్తా ఇంకో ఆడపిల్లను కంది.

మార్తా మంత్రసాని. 1785 జనవరి 1న డైరీ మొదలుపెట్టి 1812 మే 7 దాకా రాసింది. 9,965 రోజుల రాత, 816 పురుళ్ళు. పేజీకి అంచు గీసుకునేది. తేదీ, వారం ఒక పక్కన. ముందు వాతావరణం, తర్వాత ఎవరింటికి వెళ్ళింది, ఎవరు తన ఇంటికి వచ్చారు, నేతపని ఎంతవరకు వచ్చింది, తోటలో ఏం నాటింది. పురుడు పోసిన రోజయితే ఎవరికి, ఏ వేళకు, మగా ఆడా, తల్లి ఎలా ఉంది, తనకెంత ముట్టింది. డబ్బు ముట్టిన చోట గుర్తు పెట్టుకునేది. మామూలుగా ఆరు షిల్లింగులు. చేతిలో డబ్బు లేనివాళ్ళు సరుకు ఇచ్చేవారు.

నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఆ పేజీలు తెరిచాం. 1789 ఏప్రిల్‌లో ఒక రోజు. కుండపోత వాన. ఒక ఇంట్లో పురిటి మనిషి దగ్గరున్న మార్తాకు ఇంకో ఇంటి నుంచి పిలుపు వచ్చింది. పడవలో కెనెబెక్ దాటింది, అలలు ఎగిసిపడుతున్నాయి. అవతల ఒక వాగు, తేలుతున్న దుంగల మీదుగా దాన్ని దాటింది. గుర్రమెక్కి వెళుతుంటే కళ్ళెదుట చెట్టు వేళ్ళతో సహా పెకలి పడింది, గుర్రం బెదిరి వెనక్కి గెంతింది. అప్పటికామెకు యాభై నాలుగు. ఏ గండం గడిచినా క్షేమంగా దాటానని దేవుడికి దండం పెట్టి తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోతుంది. చలికాలంలో ఇదే నది గడ్డకడితే మంచు మీద నడిచి వెళ్ళేది, వసంతంలో ఆ మంచు పగిలే రోజులే అన్నిటికంటే ప్రమాదం.

అమ్మాయి ఒక్కో పేజీ వృత్తిగా చదివింది. "ఇది చార్టింగ్, పెద్దమ్మా. డ్యూటీ దిగేముందు మేం రాసేది ఇదే. టైము, ఎవరున్నారు, తల్లి పరిస్థితి, బిడ్డ పరిస్థితి. చూడు, ఎక్కడా అనవసరమైన మాట లేదు. ఇరవై గంటలు నిద్రలేకుండా వచ్చి ఇంత శుభ్రంగా రాసిందంటే చెయ్యి తిరిగిన మనిషి." ప్రసవంలోనే ఒక్క తల్లి ప్రాణమూ ఆమె చేతుల మీద పోలేదని చరిత్రకారులు లెక్కతేల్చారని చెబితే అమ్మాయి నమ్మలేక నా వైపు చూసింది. పురిటి రోజుల్లో తర్వాత పోయినవాళ్ళు అయిదుగురు.

అందరికీ తెలిసిన విషాదాలు కూడా ఆ డైరీలో ఉన్నాయి. 1806లో పురింటన్ అనే పొరుగాయన రాత్రిపూట భార్యనూ ఆరుగురు పిల్లల్నీ చంపి తనూ చనిపోయాడు. ఆ ఇంటికి వెళ్ళి చూసిన వాళ్ళలో మార్తా ఉంది. కానీ నన్ను ఎక్కువ పట్టి ఉంచింది 1804. ఎఫ్రయిమ్ పన్నులు వసూలు చేసే పని ఒప్పుకుని, వసూలు కానిది కట్టలేక జైలుకెళ్ళాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మార్తా ఒంటరి. పొయ్యిలోకి కట్టెలు లేవు. కొడుకు కుటుంబం ఇంట్లోకి వచ్చి చేరితే తను ఒక గదికి పరిమితమైంది. ఎంత కష్టమొచ్చినా రెండు ముక్కల్లో తేల్చే మనిషి, ఆ పేజీల్లో మాత్రం తన మాట వినేవాళ్ళు లేరని పదే పదే రాసుకుంది. ఆరుబయట వేసుకున్న కుర్చీలో పక్కన కూర్చుని మా అమ్మమ్మ చెప్పినట్టే ఉంది నాకు. ఆ సంవత్సరంలోనూ పురుళ్ళు ఆగలేదు. చనిపోవడానికి కొద్ది వారాల ముందు కూడా ఒక బిడ్డను బయటికి తెచ్చింది. 77వ ఏట పోయింది. పత్రికలో వచ్చిన రెండు ముక్కల కబురులో ఎఫ్రయిమ్ బల్లార్డ్ భార్య అని ఉంది, ఏం పని చేసేదో లేదు.

1870లో అగస్టా చరిత్ర రాసిన జేమ్స్ నార్త్ ఈ డైరీ చూశాడు. అందులో అందరికీ పనికొచ్చేది పెద్దగా లేదనుకున్నాడు. తర్వాత చూసినవాళ్ళూ ఇంటిపనుల చిట్టా అని పక్కన పెట్టారు. చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిక్ ఆ చిట్టానే పట్టుకున్నారు. ఏ ఇంట్లో ఎవరు నేశారు, ఎవరికి ఎంత బాకీ, ఏ పెళ్ళి తర్వాత ఎన్నో నెలలో పురుడు వచ్చింది అని పేరు పేరుకూ కలుపుకుంటూ పోయి, 1990లో ‘ఎ మిడ్‌వైఫ్స్ టేల్’ రాశారు. మరుసటి ఏడు దానికి పులిట్జర్ వచ్చింది. కోర్టు రికార్డుల్లో, మగవాళ్ళ జమాఖర్చుల్లో కనిపించని ఊరు ఒకటి ఆ డైరీలో దొరికింది. ఆడవాళ్ళు నూలు ఇచ్చి వెన్న పుచ్చుకునే ఊరు, పురిటికి పది ఇళ్ళవాళ్ళు చేరే ఊరు.

పక్కనే అగస్టా. 1797 దాకా అదీ హాలొవెల్‌లో భాగమే. నది తూర్పు ఒడ్డున 1754లో కట్టిన ఫోర్ట్ వెస్టర్న్ ఇప్పటికీ ఉంది, పొడవాటి చెక్క కట్టడం. మార్తా ఆ కోట మెట్లెక్కింది, అక్కడి కొట్టులో సరుకు కొంది. డైరీ ఆ ఊళ్ళోనే మెయిన్ స్టేట్ లైబ్రరీకి చేరింది. రాతిగదిలో పెట్టకపోయినా ఎలా చేరిందంటే, మార్తా పోయాక కూతురు డాలీ లాంబర్డ్ తీసుకుంది. ఆమె తర్వాత ఆమె కూతుళ్ళు. వాళ్ళ దగ్గర్నుంచి 1884లో మనవరాలి తరం దాటి మేరీ హోబర్ట్ అనే అమ్మాయికి వచ్చింది. మేరీ అప్పుడే డాక్టరీ చదువు ముగించింది, అమెరికాలో తొలినాటి మహిళా వైద్యుల్లో ఒకరు. చేతికొచ్చేటప్పటికి అది వరస తప్పిన కాగితాల గుట్ట. ఒక బంధువు ఓపికగా తేదీలు చూసి వరసపెట్టి, ఇంట్లో నేసిన నారగుడ్డతో అట్ట కట్టించింది. 1930లో మేరీ దాన్ని రాష్ట్ర గ్రంథాలయానికి ఇచ్చేసింది.

తిరుగు ప్రయాణంలో మా ఇద్దరికీ వాదన పడింది. మేరీ హోబర్ట్ వల్లే డైరీ బతికిందని అమ్మాయి పట్టు. డాక్టరు కాబట్టి ఆ అంకెల విలువ తెలిసిందట, ఇంకెవరి చేతిలో పడినా పొయ్యిలోకి వెళ్ళేదట. డాలీకి ఏం తెలుసు మరి అన్నాను. ఆమె డాక్టరు కాదు, చరిత్రకారిణి కాదు. ఇల్లూ వాకిలీ, పిల్లలూ, ఊపిరాడని పని. ఇంటినిండా కాగితాలు, వాటిలో అధ్యక్షుడి సంతకం ఒక్కటీ లేదు. అయినా దాదాపు యాభై ఏళ్ళు పారేయకుండా ఉంచింది. "అమ్మ రాత కాబట్టి ఉంచుకుంది, అంతే కదా" అంది అమ్మాయి. "అంతే" అన్నాను నేను. "అది చాలదు పెద్దమ్మా, అలా ఉంచుకున్నవి ఎన్ని పోలేదు" అంది. డాలీ ఉంచకపోతే మేరీకి ఇవ్వడానికేముంది అని నేను. వరసపెట్టి అట్ట కట్టించిన ఆ బంధువును ఇద్దరం మర్చిపోయామని అమ్మాయికి పోర్ట్‌లాండ్ దాటాక గుర్తొచ్చింది, దాంతో వాదన మళ్ళీ మొదటికొచ్చింది.